అమెరికన్ సిల్వర్ ఈగిల్ డాలరు: మీ దగ్గరున్నది ఏ రకమో గుర్తించే పద్ధతి

అమెరికా టంకశాల 1986 నుంచి ఏటా విడుదల చేస్తున్న సిల్వర్ ఈగిల్ నాణెం మీద ఒక డాలరు అని ముద్రించి ఉంటుంది, కానీ అందులో ఒక ట్రాయ్ ఔన్సు, అంటే దాదాపు 31.1 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది కనుక దాన్ని డాలరు కింద ఖర్చు పెట్టేవారు ఉండరు. వెండి మీద పొదుపు కోసం కొనేవారు కొందరైతే, ఏ సంవత్సరమూ తప్పిపోకుండా వరుసగా సేకరించేవారు మరికొందరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లల పుట్టినరోజుకో దీపావళికో కొనిపెట్టగా ఇక్కడి బీరువాల్లోకి చేరిన నాణేలూ ఉంటాయి. పైపైన చూస్తే ఇవన్నీ ఒకే నాణెంలా కనిపిస్తాయి: ఒకవైపు నడుస్తున్న స్వేచ్ఛాదేవి, రెండోవైపు గద్ద. అయితే వీటిలో చాలావరకు వెండి విలువకు కాస్త పైన దొరికేవి కాగా, కొన్ని మాత్రం అందుకు ఎన్నో రెట్లు ధర పలుకుతాయి.

ఆ తేడా పట్టుకోవడానికి మీరు నాణేల నిపుణులు కానక్కరలేదు. చూడవలసిన వాటిని ఒక వరుసలో చూడడం అలవాటు చేసుకుంటే చాలు: ముందు సంవత్సరం, తర్వాత బొరుసు మీది బొమ్మ, ఆపైన టంకశాల గుర్తు, ఆ తర్వాతే మెరుగు. కొత్తవారు సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేసి, ముందు మెరుగు చూసి ముచ్చటపడి, సంవత్సరాన్ని ఆఖరున చూస్తారు. పొరపాట్లన్నీ అక్కడే మొదలవుతాయి. మరో సంగతి కూడా మొదటే మనసులో పెట్టుకోండి. కొన్ని రకాల మధ్య తేడా నాణెం మీదే ఉంటుంది, కొన్నింటి మధ్య తేడా పెట్టె మీదో చీటీ మీదో మాత్రమే ఉంటుంది. అదనపు ధర చెల్లించే ముందు మీరు కొంటున్నది ఈ రెండింటిలో ఏ తేడానో తెలుసుకోవడమే ఈ పని మొత్తానికీ ప్రయోజనం.

సిద్ధం చేసుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి, వంచడానికి వీలైన టేబుల్ లైటు ఒకటి, గ్రాములో నూరో వంతు వరకు తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి, వీలైతే వెర్నియర్ కాలిపర్స్ ఉంటే సరిపోతుంది. బల్ల మీద మెత్తని గుడ్డ పరచి, దాని పైన మాత్రమే నాణేన్ని క్యాప్సూల్ నుంచి తీయండి. బొటనవేలు, చూపుడువేలు రెండూ అంచును మాత్రమే పట్టుకోవాలి; ముఖం మీద పడిన వేలిముద్ర కొన్నాళ్లకు నల్లటి మరకగా నిలిచిపోతుంది. ప్రూఫ్ రకం, అంటే సేకర్తల కోసం అద్దంలాంటి మెరుపుతో చేసిన నాణెం, అనిపిస్తే అసలు క్యాప్సూల్ తెరవకండి, పారదర్శకమైన మూత లోంచే అన్నీ చూడవచ్చు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వెండి అనగానే మన ఇళ్లలో చింతపండు, విభూతి, పళ్లపొడి చేతికి వస్తాయి. పూజ సామాన్లకు అది సరే గానీ, నాణేన్ని ఏ కారణంతోనూ తోమకండి. ఒక్కసారి రుద్దితే ఉపరితలం మీద పడే సన్నని గీతలు ఎన్నటికీ పోవు, సేకరణ విలువ అంతటితో పోతుంది. నాణెం నల్లబడినా, దాని మీద పాలచుక్కల్లాంటి తెల్లని మచ్చలు కనిపించినా అలాగే ఉంచండి. ఆ తెల్లమచ్చలు ఈ నాణేల్లో తరచుగా కనిపించే లోపమే తప్ప ప్రత్యేకమైన రకానికి గుర్తు కాదు. అరుదైనదని చెప్పి ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

మొదటి మెట్టు: ఇది నిజంగా డాలరు నాణెమేనా?

ప్రైవేటు కంపెనీలు కూడా ఇదే స్వేచ్ఛాదేవి బొమ్మతో ఒక ఔన్సు వెండి బిళ్లలు తయారు చేసి అమ్ముతాయి. అందులో తప్పేమీ లేదు, వాటిలోనూ వెండి ఉంటుంది, కానీ అవి నాణేలు కావు. బొరుసు వైపు చూడండి. అమెరికా సంయుక్త రాష్ట్రాల పేరు, ఒక ఔన్సు మేలిమి వెండి అన్న మాట, ఒక డాలరు అన్న ముఖవిలువ, ఈ మూడూ ఉంటేనే అది సిల్వర్ ఈగిల్. ముఖవిలువ లేకపోతే ఈ వ్యాసంలోని మిగతా మెట్లు దానికి వర్తించవు.

బొమ్మ వైపు అడాల్ఫ్ వైన్‌మన్ రూపొందించిన స్వేచ్ఛాదేవి ఉంటుంది. జెండాను వస్త్రంలా కప్పుకుని, కుడిచేయి ముందుకు చాచి, ఎడమ చేతిలో కొమ్మలు పట్టుకుని, ఉదయిస్తున్న సూర్యుడి వైపు అడుగు వేస్తున్న ఈ రూపం మొదట 1916 నుంచి 1947 వరకు వచ్చిన అర డాలరు నాణెం మీద ఉండేది. సిల్వర్ ఈగిల్‌కు అదే బొమ్మను తీసుకున్నారు. నాణెం అడ్డుకొలత 40.6 మిల్లీమీటర్లు, మందం 2.98 మిల్లీమీటర్లు. సంవత్సరం స్వేచ్ఛాదేవి పాదాల కింద ఉంటుంది. దాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాకే నాణేన్ని తిప్పండి. అమెరికా నాణేలను పక్కకు కాకుండా పైనుంచి కిందికి తిప్పితేనే రెండోవైపు బొమ్మ నిటారుగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

రెండో మెట్టు: గద్ద ఎదుటికి తిరిగి ఉందా, వాలుతోందా?

సిల్వర్ ఈగిల్‌లో అన్నిటికన్నా పెద్ద విభజన ఇదే. 1986 నుంచి 2021 మధ్య భాగం వరకు వచ్చిన నాణేల బొరుసు మీద జాన్ మెర్కాంటి గీసిన రాజముద్ర తరహా గద్ద ఉంటుంది. రెండు రెక్కలూ చాచి, ఎదుటికి తిరిగి, రొమ్ము మీద చారల డాలుతో, ఒక పాదంలో ఆలివ్ కొమ్మ, మరో పాదంలో బాణాలు పట్టుకుని, ముక్కుతో ఒక పట్టీని కరచుకుని ఉంటుంది. తల పైన పదమూడు నక్షత్రాలు తలకిందులైన త్రికోణంలా అమరి ఉంటాయి. సేకర్తలు దీన్ని టైప్ వన్ అంటారు.

2021 మధ్యలో ఎమిలీ డామ్‌స్ట్రా రూపకల్పన వచ్చింది. దాన్ని అచ్చుకు అనువుగా మలచినవారు టంకశాల శిల్పి మైకేల్ గౌడియోసో. ఇందులో డాలు లేదు, బాణాలు లేవు, నక్షత్రాల త్రికోణం లేదు. గద్ద పక్కకు తిరిగి, గూటికి చేర్చడానికన్నట్టు ఓక్ కొమ్మను కాళ్లతో పట్టుకుని, రెక్కలు విప్పి కిందికి వాలుతూ ఉంటుంది. ఇది టైప్ టూ. మెర్కాంటి గద్ద గంభీరంగా ఉంటుందన్నది నిజమే గానీ, నా మటుకు నాకు డామ్‌స్ట్రా గద్దలో ఉన్న ప్రాణం, ఆ రెక్కల ఈకల మధ్య ఉన్న గాలి, ఈ నాణేనికి ముప్పై అయిదేళ్ల తర్వాత దక్కిన గొప్ప బహుమతి అనిపిస్తుంది.

2020, అంతకుముందు సంవత్సరాల నాణేలకు టైప్ వన్ మాత్రమే ఉండాలి. 2022, ఆ తర్వాతి వాటికి టైప్ టూ మాత్రమే ఉండాలి. కాబట్టి మీ కాగితం మీద రాసుకున్న సంవత్సరం 2015 అయి బొరుసు మీద వాలుతున్న గద్ద ఉన్నా, లేదా సంవత్సరం 2023 అయి డాలు ధరించిన గద్ద ఉన్నా, మీ చేతిలో ఉన్నది అరుదైన రకమని సంబరపడకండి. అది నకిలీ అనుకోవడమే వివేకం. నకిలీలు తయారు చేసేవారు ఒకవైపు అచ్చును మార్చి రెండోవైపు అచ్చును అలాగే వాడేస్తుంటారు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, కాటా కూడా అవసరం లేకుండా పట్టుకోగలిగిన మోసం ఇది.

2021 నాణేల దగ్గర కాసేపు ఆగండి

ఒకే సంవత్సరం కింద రెండు బొరుసులూ ఉన్నది 2021లో మాత్రమే కనుక, గందరగోళం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. పొదుపు కోసం అమ్మే బులియన్ నాణేలు ఆ ఏడాది రెండు రకాల్లోనూ వచ్చాయి. సేకర్తల కోసం చేసిన వాటిలో, డబ్ల్యూ గుర్తు ఉన్న ప్రూఫ్ నాణెం టైప్ వన్‌లోనూ టైప్ టూలోనూ ఉంది; ఎస్ గుర్తు ఉన్న ప్రూఫ్ టైప్ టూలోనే ఉంది; డబ్ల్యూ గుర్తుతో మసక మెరుగు ఉన్న బర్నిష్డ్ నాణెం కూడా టైప్ టూలోనే ఉంది. ప్రూఫ్ మెరుగును తారుమారు చేసిన రివర్స్ ప్రూఫ్‌లు రెండు నాణేల సెట్టుగా వచ్చాయి, అందులో డబ్ల్యూ నాణెం టైప్ వన్, ఎస్ నాణెం టైప్ టూ. అంటే 2021 ఎస్ గుర్తుతో డాలున్న గద్ద కనిపిస్తే అది టంకశాల విడుదల చేసినది కాదని అర్థం. ఈ పేరా మొత్తాన్ని ఒక చిన్న కార్డు మీద రాసి క్యాప్సూళ్ల పెట్టెలో ఉంచుకుంటే, అమ్మకందారు ముందు తడబడాల్సిన పని ఉండదు.

బొమ్మ వైపు కూడా 2021లో మార్పు జరిగింది. వైన్‌మన్ నాటి మూల నమూనాలను ఆధారం చేసుకుని స్వేచ్ఛాదేవి రూపాన్ని మళ్లీ మలిచారు, ఆయన సంతకపు గుర్తును చేర్చారు. పాత, కొత్త నాణేలను పక్కపక్కన పెట్టి వస్త్రపు మడతలను భూతద్దంతో చూస్తే కొత్తదానిలో గీతలు స్ఫుటంగా ఉన్నట్టు తెలుస్తుంది. కానీ ఒకే నాణెం చేతిలో ఉన్నప్పుడు దీన్ని బట్టి తీర్పు చెప్పడం కష్టం. టైప్ ఏదో తేల్చవలసింది బొరుసే.

మూడో మెట్టు: అంచును ఒక చుట్టు తిప్పి చూడండి

నాణేన్ని అంచు మీద నిలబెట్టి, లైటును పక్క నుంచి పడేలా వంచి, నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. మామూలుగా అంచంతా సమానమైన దూరంలో నిలువు గాట్లు ఉంటాయి. టైప్ టూ నాణేల్లో ఒకచోట ఒక గాటు లేకుండా చిన్న ఖాళీ వదిలారు. నకిలీలను అడ్డుకోవడానికి టంకశాల కావాలని చేర్చిన భద్రతా చిహ్నం అది. దాన్ని దెబ్బ తగిలిన చోటని పొరబడేవారు ఉన్నారు. దెబ్బ అయితే పక్క గాట్లు కూడా నలిగి, అంచు కొద్దిగా లోపలికి పోయి ఉంటుంది. భద్రతా చిహ్నం దగ్గర పక్క గాట్లు చెక్కు చెదరకుండా ఉంటాయి. టైప్ టూ బులియన్ నాణెంలో ఒక చుట్టంతా చూసినా ఈ ఖాళీ కనిపించకపోతే, కొనడం ఆపి మిగతా పరీక్షలు చేయండి.

అంచు విషయంలో గుర్తుంచుకోవలసిన సంవత్సరం 2016. ఈ నాణేనికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా ఆ ఏడాది డబ్ల్యూ గుర్తుతో వచ్చిన ప్రూఫ్, బర్నిష్డ్ నాణేలకు గాట్లు తీసేసి, నున్నని అంచు మీద ముప్పయ్యవ వార్షికోత్సవం అన్న మాటలను లోతుగా చెక్కారు. అదే ఏడాది బులియన్ నాణేలకు మాత్రం మామూలు గాట్లే ఉన్నాయి.

నాలుగో మెట్టు: టంకశాల గుర్తు

బులియన్ నాణేల మీద ఏ ఏడాదీ ఏ గుర్తూ ఉండదు. ఎస్, పి, డబ్ల్యూ అక్షరాల్లో ఏదైనా ఉందంటే అది సేకర్తల కోసం తయారైన నాణెమని వెంటనే తెలుస్తుంది. ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, పి అంటే ఫిలడెల్ఫియా, డబ్ల్యూ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్. టైప్ వన్ నాణేల్లో ఈ అక్షరం కోసం గద్ద తోక పక్కన, ఆలివ్ కొమ్మ ఉన్న వైపు వెతకండి. అక్షరం చాలా చిన్నది. భూతద్దం లేకుండా లేదని తేల్చేయకండి.

ప్రూఫ్ నాణేల గుర్తులకు ఒక క్రమం ఉంది. 1986 నుంచి 1992 వరకు ఎస్, 1993 నుంచి 2000 వరకు పి, 2001 నుంచి డబ్ల్యూ. ఈ క్రమానికి తోడు తర్వాతి కాలంలో ప్రత్యేక సెట్లలో ఎస్, పి గుర్తులూ వచ్చాయి. ఉదాహరణకు 2011లో ఇరవై అయిదేళ్ల సందర్భంగా లక్ష సెట్లు మాత్రమే చేశారు. అందులోని పి గుర్తు రివర్స్ ప్రూఫ్, ఎస్ గుర్తు బర్నిష్డ్ నాణేలు ఆ సెట్టులో తప్ప మరెక్కడా రాలేదు. 2009లో మాత్రం ముద్ర వేయడానికి సిద్ధం చేసిన వెండి బిళ్లలన్నీ బులియన్ గిరాకీకే సరిపోవడంతో ప్రూఫ్ గానీ బర్నిష్డ్ గానీ చేయలేదు. 2009 ప్రూఫ్ అని మీకు ఎవరైనా చూపిస్తే, అది అమెరికా టంకశాల చేసినది కాదు.

ఈ క్రమానికి పాతకాలంలో ఉన్న ఒకే ఒక్క మినహాయింపు ఈ శ్రేణి మొత్తానికి తలమానికం అయింది. 1995లో బంగారు ఈగిల్ నాణేల పదేళ్ల వేడుకకు నాలుగు బంగారు ప్రూఫ్ నాణేలతో కూడిన సెట్టును 999 డాలర్లకు అమ్ముతూ, దానితో పాటు డబ్ల్యూ గుర్తున్న వెండి ప్రూఫ్ నాణేన్ని చేర్చారు. విడిగా అమ్మలేదు. అంత డబ్బు పెట్టి బంగారం కొన్నవారికే దక్కింది కనుక 30,125 మాత్రమే బయటికి వెళ్లాయి. అదే ఏడాది పి గుర్తుతో వచ్చిన మామూలు ప్రూఫ్‌లు నాలుగు లక్షలకు పైగా ఉన్నాయి. రెండింటికీ తేడా ఒక్క అక్షరం, ధరలో తేడా మాత్రం ఎన్నో రెట్లు. అందుకే ఈ అక్షరాన్ని చెరిపి, అతికించి మోసం చేయడానికి ఆశపడేవారికి కొదవ ఉండదు. భూతద్దంతో చూస్తున్నప్పుడు అక్షరం చుట్టూ ఉన్న అద్దంలాంటి నేల (బొమ్మలు లేని చదును భాగం) మీద గీతలు, గీకిన మసక, జిగురు ఛాయ ఏమైనా ఉన్నాయేమో పరిశీలించండి. అచ్చులో నుంచి వచ్చిన అక్షరం నేలలోంచి మొలిచినట్టు ఉంటుంది, నేలకూ దానికీ మధ్య సందు కనిపించదు. ఇంత ఖరీదైన నాణేన్ని పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థ (నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి చీటీ రాసి ఇచ్చే సంస్థ) పరిశీలించి ప్లాస్టిక్ పెట్టెలో మూసినదైతే తప్ప కొనవద్దని నా సలహా.

అయిదో మెట్టు: మెరుగు

ఇప్పుడు లైటును నాణేనికి ఏటవాలుగా పెట్టి, నాణేన్ని కొద్దికొద్దిగా వంచుతూ చూడండి. బులియన్ నాణెం మీద వెలుగు చక్రపు ఆకుల్లా తిరుగుతుంది. నేల అద్దంలా ఉండదు, మరీ మసకగానూ ఉండదు. ప్రూఫ్‌లో నేల నల్లటి అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. రివర్స్ ప్రూఫ్‌లో ఇది సరిగ్గా తారుమారు: నేల తెల్లగా మంచు పట్టినట్టు, గద్ద, స్వేచ్ఛాదేవి అద్దంలా ఉంటారు. 2006లో ఇరవై ఏళ్ల సెట్టులో వచ్చిన పి గుర్తు నాణెంతో ఈ తరహా మెరుగు సిల్వర్ ఈగిల్‌కు మొదలైంది. 2019లో ఎస్ గుర్తుతో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ రివర్స్ ప్రూఫ్‌ను గరిష్ఠంగా 30,000కే పరిమితం చేశారు. అందులో ఒక్కో భాగానికి ఒక్కో స్థాయి మెరుగు ఉంటుంది కనుక, వస్త్రపు మడతలకూ జెండా చారలకూ మధ్య వెలుగు మారుతున్నట్టు కనిపిస్తుంది.

బులియన్‌కూ బర్నిష్డ్‌కూ మధ్య తేడా చెప్పడమే కష్టం. వెండి బిళ్లను ముందుగా నునుపు చేసి ఆ తర్వాత ముద్ర వేస్తారు కాబట్టి బర్నిష్డ్ నాణేనికి పట్టుబట్టలాంటి మెత్తని కాంతి వస్తుంది. అయినా కంటిని మాత్రమే నమ్మకండి. గుర్తు ఉంటే బర్నిష్డ్, గుర్తు లేకపోతే బులియన్ అన్న నియమం ఎప్పుడూ తప్పదు. ఈ రకం 2006 నుంచి 2008 వరకు వచ్చి, మధ్యలో రెండేళ్లు ఆగి, 2011 నుంచి మళ్లీ మొదలైంది.

2020 డబ్ల్యూ ప్రూఫ్ నాణెం చేతికి వస్తే బొమ్మ వైపు ఇంకోసారి చూడండి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి డెబ్బై అయిదేళ్లయిన సందర్భంగా 75,000 పరిమితితో విడుదల చేసిన వాటి మీద వి75 అన్న చిన్న ముద్ర ఉంటుంది. ముద్ర లేనివి మామూలువి.

ఆరో మెట్టు: 2008 డబ్ల్యూ, ఒక్క అక్షరపు పాదం

ఈ శ్రేణిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రకం ఇదే, ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికి ఓపిక తప్ప మరేమీ అక్కరలేదు. 2008లో టంకశాల బొరుసు అచ్చును కొద్దిగా సవరించింది. బొమ్మ మారలేదు, అక్షరాల మలుపులు మాత్రం మారాయి. అయితే వెస్ట్ పాయింట్‌లో బర్నిష్డ్ నాణేలు ముద్రిస్తున్నప్పుడు, 2008 సంవత్సరం ఉన్న బొమ్మ అచ్చుకు జతగా 2007 నాటి పాత బొరుసు అచ్చులు కొన్ని షిఫ్టుల్లో వాడుకలోకి వచ్చేశాయి. అలా తయారైనవి సుమారు 47,000 ఉంటాయని టంకశాల అంచనా వేసింది. ఆ ఏడాది బర్నిష్డ్ నాణేలు మొత్తం అయిదు లక్షలకు పైగా ఉన్నాయి కనుక, దాదాపు పదకొండింటిలో ఒకటి ఈ రకమన్నమాట.

గుర్తించే పద్ధతి ఇది. సంవత్సరం 2008, బొరుసు మీద డబ్ల్యూ, బర్నిష్డ్ మెరుగు, ఈ మూడూ ముందు ఖాయం చేసుకోండి. తర్వాత బొరుసు వైపు ఎడమ పక్కన దేశం పేరు మొదలయ్యే చోట ఉన్న మొదటి అక్షరం, యునైటెడ్ అన్న మాటలోని యు మీద భూతద్దం నిలపండి. సవరించిన కొత్త అచ్చులో ఈ అక్షరపు కుడి నిలువు గీత కింది దాకా దిగి, అడుగున కుడివైపుకు చిన్న పాదంలా పొడుచుకు వస్తుంది. పాత అచ్చులో ఆ పాదం ఉండదు. రెండు నిలువు గీతలూ అడుగున గిన్నె అడుగులా గుండ్రంగా కలిసిపోతాయి. పాదం లేకపోతే అది సేకర్తలు వెతికే రకం, అంటే 2007 బొరుసున్న 2008 నాణెం. మొదటిసారి చూసేవారు 2007 డబ్ల్యూ బర్నిష్డ్ నాణెం ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే కంటికి అలవాటవుతుంది. లైటును ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి వేసి చూడండి. నీడ కూడా పాదంలా భ్రమ కలిగిస్తుంది.

ఈ పోలిక సంవత్సరం, మెరుగు సరిచూశాకే చేయాలని మళ్లీ చెబుతున్నాను. 2007 నాణేనికి పాదం లేకపోవడం సహజమే, అందులో విశేషమేమీ లేదు.

నాణెం చెప్పలేని సంగతులు

2020 ఏప్రిల్‌లో కొవిడ్ వల్ల వెస్ట్ పాయింట్‌లో పని దెబ్బతిన్నప్పుడు ఫిలడెల్ఫియాలో 2,40,000 బులియన్ నాణేలు ముద్రించారు. వాటి మీద గుర్తు లేదు. అవి ఏవో తెలిసింది అయిదు వందల నాణేలు పట్టే పెద్ద పెట్టెల మీది క్రమసంఖ్యల ద్వారా మాత్రమే; ఆ పెట్టెలను విప్పకుండా గ్రేడింగ్ సంస్థలకు పంపితే, వారు చీటీ మీద ఆ సంగతి రాసి ఇచ్చారు. అలాగే 2015లో ఫిలడెల్ఫియాలో 79,640 బులియన్ నాణేలు తయారైన విషయం కూడా ఆ తర్వాత చాలాకాలానికి అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టం కింద అడిగితేనే బయటికి వచ్చింది. ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి నాణేన్ని బయటికి తీస్తే, ప్రపంచంలో ఏ నిపుణుడూ దాన్ని మామూలు నాణెం నుంచి వేరు చేసి చెప్పలేరు. చరిత్రగా ఇవి ఆసక్తికరమైనవే. కానీ అదనపు ధర మొత్తం చీటీకే వెళుతోందని తెలిసి కొనండి. చీటీ లేని విడి నాణేన్ని అత్యవసర ముద్రణ అని అమ్మేవారి మాట వినవద్దు.

గ్రేడింగ్ చీటీల మీద కనిపించే ఫస్ట్ స్ట్రైక్, ఎర్లీ రిలీజెస్ అన్న మాటలు కూడా ఇదే కోవకు చెందుతాయి. విడుదలైన తొలి ముప్పై రోజుల లోపు నాణెం గ్రేడింగ్ సంస్థకో, వారు ఒప్పుకున్న గోదాముకో చేరిందని మాత్రమే వాటి అర్థం. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు ముద్రించారనే హామీ అందులో లేదు.

ఏడో మెట్టు: తూకం, నీళ్ల పరీక్ష

రకం తేలాక అసలుదో కాదో చూడాలి. కాటా మీద 31.1 గ్రాములు రావాలి. నూరో వంతుల్లో స్వల్పంగా ఎక్కువున్నా కంగారు పడనక్కరలేదు, బాగా తక్కువుంటే మాత్రం అనుమానించాలి. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోయినంత మాత్రాన వెండి అని కూడా కాదు, రాగి, సీసం కూడా అతుక్కోవు.

బులియన్ నాణేనికి మాత్రమే, ప్రూఫ్‌కు ఎన్నడూ కాకుండా, ఈ పరీక్ష చేయండి. గ్లాసులో స్వచ్ఛమైన నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చుకోండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా మీద దాదాపు 2.96 గ్రాములు కనిపించాలి. వెండి సాంద్రత 10.49 కనుక 31.1ని దానితో భాగిస్తే వచ్చే సంఖ్య అది. వెండి పూత పూసిన రాగి అయితే 3.4 దాటుతుంది, సీసం అయితే 2.75 దగ్గర ఆగుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుని ఉంటే లెక్క పెరుగుతుంది కనుక వాటిని మెల్లగా కదిలించి పోగొట్టండి. తర్వాత నాణేన్ని మెత్తని గుడ్డ మీద పెట్టి, తుడవకుండా అద్ది ఆరనివ్వండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వెండి కొట్టుకు తీసుకెళితే వారు తూచి వెండి ధర కడతారు. రకానికి విలువ కట్టడం వారి వ్యాపారం కాదు. కాబట్టి అమ్మే ఆలోచన ఉంటే ముందు ఈ మెట్లన్నీ పూర్తి చేసి, విశేషమైనదని తేలినవాటిని పక్కన పెట్టాకే మిగతావి పట్టుకెళ్లండి.

చివరి పని రాత పని. ఒక్కో నాణేనికి సరిపడే గట్టి క్యాప్సూల్ వాడండి, పీవీసీ కలిసిన మెత్తని ప్లాస్టిక్ సంచులు నాణెం మీద ఆకుపచ్చని జిగట వదులుతాయి కనుక వాటిని దూరంగా ఉంచండి. చిన్న కవరు మీద సంవత్సరం, బొరుసు రకం, టంకశాల గుర్తు, మెరుగు, తూకం, కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నారో పెన్సిల్‌తో రాయండి. 2008 డబ్ల్యూ అయితే యు అక్షరానికి పాదం ఉందో లేదో కూడా రాసి, ఫోన్ కెమెరాను భూతద్దానికి ఆనించి ఆ ఒక్క అక్షరం ఫోటో తీసి ఉంచుకోండి.